పెట్టు, తిప్పు, లాగు, నొక్కు

పెట్టు, తిప్పు, లాగు అనుకుంటూ మూడో మాట దాకా వచ్చిందో లేదో, బెల్టు కుయ్యిమని ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. చేతిలో ఉన్న తాళంకప్పని మాత్రం పద్ధతి ప్రకారం నొక్కింది కప్పలక్క, అది టక్‌మంది, దాని మెడలో దారంతో కట్టిన అట్టముక్క మీద నీలం పెన్సిలుతో రైటు కొట్టి పక్కన పెట్టింది, తర్వాతి దాని కోసం చెయ్యి చాపింది, చాపిన చోట ఏమీ లేదు. తర్వాతి కప్ప మూరెడు దూరంలో, ఆగిపోయిన రబ్బరు పట్టీ మీద బుద్ధిగా కూర్చుని ఉంది. కొంచెం లేస్తే అందుతుంది. కానీ పదహారేళ్లుగా కప్పలే ఆమె దగ్గరికి వచ్చాయి గానీ ఆమె ఎన్నడూ కప్పల దగ్గరికి వెళ్లలేదు, ఇప్పుడు వెళ్తే మర్యాదగా ఉండదనిపించి ఊరుకుంది. షెడ్డంతా నిశ్శబ్దం. పోత పోసే వైపు ఎవరో తుమ్మారు, ఆ తుమ్ము ఎవరిదా అని నూట నలభై మందీ తలలు తిప్పి చూశారు, ఇన్నేళ్లు పక్కపక్కన పనిచేసి ఒకరి తుమ్ము ఒకరు వినడం ఇదే మొదలు. మోటారులో బేరింగు పోయిందట. మెకానిక్కులు ఇద్దరు అప్పుడే బెల్టు కిందికి దూరారు, నాలుగు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి, గంట పడుతుందని ఆ కాళ్ల అవతల నుంచి ఒక గొంతు చెప్పింది. గంట అంటే పది నుంచి పదకొండు. పది నుంచి పదకొండు దాకా ఈ రెండు చేతుల్నీ ఎక్కడ పెట్టుకోవాలో కప్పలక్కకి అర్థం కాలేదు.

చేయడానికి ఏమీ లేక కాదు. ఒడిలో ఒక కాగితం ఉంది, అసలు బాధంతా అదే. పొద్దున్నే గేటు దగ్గర కొత్త మేనేజరు స్వయంగా నిలబడి, మిఠాయి పంచినంత సంబరంగా అందరికీ పంచాడు. వచ్చే సోమవారం నుంచి ఈ ఫ్యాక్టరీలో ఎవరూ ఒకే కుర్చీకి అతుక్కుపోనక్కర్లేదట, నెలకో విభాగం చొప్పున తిరుగుతూ అందరూ అన్నీ నేర్చుకుంటారట. కాగితం మీద పన్నెండు విభాగాల పేర్లు, ఒక్కో పేరు ముందు ఒక చదరపు గడి. నచ్చిన వాటికి రైటు పెట్టాలి, మూడుకి తగ్గకుండా. అస్సలు వద్దనుకున్న దానికి ఇంటూ పెట్టాలి. పదకొండింటికల్లా ఇచ్చేయాలి. పోత, డ్రిల్లు, స్ప్రింగులు, తాళంచెవుల కోత, పాలిషు, రంగు, కొత్త నమూనాలు, స్టోరు, ప్యాకింగు, లోడింగు, చివరి పరీక్ష, క్యాంటీను. ఉన్నచోటే పడి ఉంటాను మహాప్రభో అని మొరపెట్టుకోవడానికి మాత్రం గడి లేదు. పదకొండోదైన చివరి పరీక్ష అంటే కప్పలక్కే, ఆమె స్టూలే, ఆమె రెండు రంగుల పెన్సిలే. ఫ్యాను సరిగ్గా ఆ స్టూలు నెత్తిమీద ఉంది కాబట్టి రంగు విభాగంలో ఇద్దరు, లోడింగులో ఒకడు అప్పుడే దానిమీద కన్నేశారని పొద్దుటి నుంచి మూడుసార్లు వినిపించింది. పదకొండో గడిలో ఒక్క రైటు పెట్టి, తక్కిన పదకొండూ ఖాళీగా వదిలేయాలని ఆమె గేటు దగ్గరే, కాగితం అందుకున్న క్షణంలోనే నిర్ణయించుకుంది. ఒక్కటే పెడితే ఒప్పుకుంటాడో లేదో తెలియదు. ఒప్పుకోకపోతే ఏం చేయాలో అంతకన్నా తెలియదు.

మూడుకి తగ్గకూడదన్నాడు కదే అమ్మాయ్ అని పక్క బల్ల నుంచి అట్టపెట్టెల పిన్ని గుర్తుచేసింది. పరీక్ష అయిన తాళాల్ని పెట్టెల్లో సర్దడం ఆవిడ పని. ఎవరికీ చుట్టం కాదు గానీ ఫ్యాక్టరీ మొత్తానికీ పిన్ని. తను అప్పుడే మూడూ పెట్టేసింది, అందులో మొదటిది క్యాంటీను, అక్కడైతే రుచి చూసే మిషతో రోజంతా నోరాడుతుందని లెక్క. పిన్నికి ఏ కొత్త చోటైనా ఇష్టమే, ఎక్కడ కూర్చోబెట్టినా పది నిమిషాల్లో చుట్టూ నలుగురిని పోగేసి నవ్విస్తుంది. కప్పలక్కకి ఆవిడంటే చాలా ఇష్టం, ఆవిడలా ఉండాలని మాత్రం ఒక్కరోజు కూడా అనిపించలేదు. కప్పలక్క అని పేరు పెట్టింది కూడా ఆవిడే. కప్పలు పట్టే అక్క కాబట్టి కప్పలక్క. మొదట్లో ముఖం ముడుచుకుంది, తర్వాత అదే పేరుతో పిలవకపోతే పలకడం మానేసింది. ఇంట్లో ఆయన ఇంకో అడుగు ముందుకేసి, లోకంలో దేవుడు చేసిన కప్పలకి చెవులు కనబడవు గానీ మా ఆవిడ కప్పలకి తలా రెండు చెవులు, అవీ జేబులో వేసుకునేవి అంటాడు. ఆ జోకుకి ఇప్పుడు పదిహేనేళ్లు. ఆయన దాన్ని ప్రతిసారీ కొంచెం మార్చి చెప్తాడు, మార్చినప్పుడల్లా పాడవుతుంది, మొదటిదే బాగుందని ఆమె ప్రతిసారీ చెప్తుంది.

ఆయన అంతే, ఏదీ ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వడు. బోర్డులు రాసే మనిషి. మందుల షాపువాడు తన రెండో దుకాణానికి కూడా మొదటిదానిలాగే బోర్డు కావాలని అడిగితే, రెండోసారి అదే రాయడానికి నాకేం ఖర్మ అని అక్షరాలకి తోకలు పెట్టాడు, షాపువాడు అవి పాములనుకుని గొడవకొచ్చాడు. పెళ్లయిన కొత్తలో ఆమెని కూడా రంగుల పనిలో పెట్టాలని చూశాడు పాపం. డబ్బాలు ముందు పెట్టి, నీ మనసుకి ఏది తోస్తే ఆ రంగు వెయ్యి అన్నాడు. ఆమె మనసుని అడిగింది. మనసు ఏమీ చెప్పలేదు. బ్రష్షు పట్టుకుని అరగంట నిలబడింది, రంగు కారి చెప్పు మీద పడింది, చివరికి పోనీ మీరు చెప్పండి ఏ రంగో, అంచు దాటకుండా ఎంత గోడైనా వేస్తాను అంది. ఆయన నవ్వి నవ్వి నిచ్చెన దిగి కూర్చున్నాడు. తర్వాత ఆ గోడ మొత్తం ఆమే వేసింది, వెంట్రుకవాసి అంచు దాటలేదు, ఈ రోజుకీ ఆ వీధిలో పోతూ ఆయన అది చూపించి గొప్పలు పోతాడు. ఆ తర్వాత బహుమతుల దుకాణంలో చుట్టే పనికి వెళ్లింది. ఒక్కో పెట్టె ఒక్కో ఆకారం, ఒక్కో మనిషి ఒక్కో తీరు, కొంచెం వెరైటీగా చుట్టమ్మా అని ప్రతివాడూ. వెరైటీ అన్న మాట వినగానే వేళ్లు చల్లబడిపోయేవి. ఆరు వారాలు చేసింది. మానేసిన రోజు ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది.

ఇదంతా ఎక్కడ మొదలైందో ఆమెకి తెలుసు, ఏడో తరగతిలో మొదలైంది. నేను పక్షినైతే అని వ్యాసం రాయమన్నారు టీచరు. వెనక బెంచీ పిల్లలు కూడా సముద్రాలు దాటేశారు, మేఘాల మీద ఇళ్లు కట్టేశారు. ఈమె రాసింది ఆరు వాక్యాలు. నేను పక్షినైతే పొద్దున్నే ఆరింటికి లేస్తాను. రోజూ అదే కొమ్మ మీద కూర్చుంటాను. అదే దారిలో వెళ్లి అదే చోట గింజలు తింటాను. చీకటి పడకముందే గూటికి వస్తాను. మర్నాడు కూడా అంతే. నాకు చాలా సంతోషంగా ఉంటుంది. టీచరు దాన్ని పైకి చదివి వినిపించింది, క్లాసు క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది, కింద ఎర్ర సిరాతో ఊహ లేదు అని రాసి ఇచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది గానీ, ఆ సాయంత్రం ఇంటి ముందు తీగ మీద వాలిన పిచ్చుకల్ని గంటసేపు చూసి, ఏమిటి తప్పు, ఇవి చేస్తున్నది నేను రాసిందేగా అనుకుంది. టీచరుకి చెప్పలేదు. ఎవరికీ ఏదీ ఎదురు చెప్పే అలవాటు ఆమెకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇప్పుడు ఒడిలో ఉన్న ఈ కాగితం కూడా అలాంటి వ్యాసమే, నేను స్ప్రింగుల విభాగంలో ఉంటే, నేను రంగుల గదిలో ఉంటే, అని పన్నెండు వ్యాసాలు ఒకేసారి.

వేళ్ల మధ్య పెన్సిలు అటూ ఇటూ దొర్లుతోంది, ఎరుపు పైకి, నీలం పైకి. ఈ పెన్సిలు పట్టడం నేర్పింది పాత చెకింగ్ తాత. రిటైరవబోతూ నెల రోజులు ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, నెలంతా కలిపి ఆయన మాట్లాడింది నాలుగే మాటలు, పెట్టు, తిప్పు, లాగు, నొక్కు. చెవి పెట్టు, కుడికి తిప్పు, పైకి లేచిన కొక్కేన్ని లాగి చూడు, మళ్లీ కిందికి నొక్కు. బాగుంటే నీలం వైపుతో రైటు, బాగాలేకపోతే ఎర్ర వైపుతో ఇంటూ కొట్టి ఎర్ర గంపలోకి. ఇంతేనా తాతా అని అడిగింది మొదటిరోజు. తాత తల ఊపాడు. నెల తిరిగేసరికి అది ఎంతో తెలిసింది. స్ప్రింగు నీరసంగా ఉంటే బొటనవేలికి తెలుస్తుంది, చెవి పళ్లలో ఒకటి ఎక్కువ కోసుకుపోతే మణికట్టుకి తెలుస్తుంది, లోపల చమురు తక్కువైతే టక్ అనవలసింది ట్టక్ అంటుంది. ఆ ఒక్క వత్తు ఎక్కువైనా ఆమె చెయ్యి ఆగిపోతుంది, తను వినకముందే ఆగిపోతుంది. చూసేవాళ్లకి రోజంతా ఒకే తాళం. ఆమెకి మాత్రం ఏ రెండూ ఒకటి కాదు, ఒకటి కొంచెం బిగువు, ఒకటి కొంచెం తొందర, ఒకటి సిగ్గుపడుతూ తెరుచుకుంటుంది. ఇంత వెరైటీ ఆ బహుమతుల దుకాణంలో కూడా చూడలేదు, ఇక్కడ ఆ వెరైటీని ఆమె తయారుచేయనక్కర్లేదు, కనిపెడితే చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్తే పనిలో మనసు పెట్టడం లేదనుకుంటారని భయం. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే తలకి పూర్తిగా సెలవు. ఈ స్టూలు మీద కూర్చునే ఆమె అమ్మాయికి పెట్టబోయే పేర్లు ఇరవై దాకా ఆలోచించింది, ఈ స్టూలు మీదే ఆయనతో జరగాల్సిన పోట్లాటలన్నీ మాటకి మాటా పూర్తిచేసి, గెలిచి, సాయంత్రానికి కోపం లేకుండా ఇంటికెళ్లింది. అమ్మ పోయిన ఏడు చలికాలమంతా ఇక్కడే కూర్చుని అమ్మతో మాట్లాడింది, చిన్నప్పుడు దుప్పటి చెరో కొసా పట్టుకుని ఇద్దరూ మడిచేవాళ్లు, రెండు అడుగులు ముందుకి, కొసలు కలుపు, మళ్లీ వెనక్కి, ఏ రోజూ మారని ఆ మడతలోనే అమ్మకి తన మీద ఎంత ప్రేమో అంతా ఉండేది. కళ్లు తుడుచుకుంటూ పరీక్షించింది, ఆ చలికాలం ఒక్క తాళం కూడా తిరిగి రాలేదు. మనసు బాగాలేని రోజు ఏం చేయాలో తెలియని వాళ్లని చూస్తే జాలేస్తుంది ఆమెకి. తనకి తెలుసు. పెట్టు, తిప్పు, లాగు, నొక్కు. మధ్యాహ్నానికి కాస్త తేలికపడుతుంది. ఈ పని అంటే ఆమెకి ఇష్టం. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, అడిగినవాళ్లంతా బోరు కొట్టదా అనే అడిగారు.

బోరు కొట్టదా అమ్మా అని పోయిన వారం కూతురు కూడా అడిగింది. స్కూల్లో వాళ్లకి ఏదో చెప్పారట, ఎవరికి ఏ ఉద్యోగం నప్పుతుందో ఫోనే నలభై ప్రశ్నలడిగి చెప్పేస్తుందట, అమ్మని కూర్చోబెట్టి మొదలుపెట్టింది. కొత్త ఊరికి వెళ్తే దారి తప్పి తిరగడం ఇష్టమా. కాదు. రోజూ ఒకే సమయానికి భోంచేస్తారా. పన్నెండున్నరకి. ఖాళీ కాగితం చూస్తే ఏమనిపిస్తుంది. ఎవరో ఏదో రాయడం మర్చిపోయారనిపిస్తుంది. కూతురు తల పట్టుకుంది. చివరికి ఫోను తేల్చింది, మీరు స్థిరమైన పద్ధతిని ఇష్టపడేవారు, సృజనాత్మకత కన్నా క్రమం మీకు సుఖం, తయారీ రంగంలో యంత్రాల దగ్గర, జోడింపు, పరీక్ష, ప్యాకింగు పనుల్లో మీరు రాణిస్తారు. ఏమనుకుంటుందోనని పిల్ల భయంభయంగా అమ్మ ముఖంలోకి చూసింది. కప్పలక్క ఆ మూడు వాక్యాలూ మళ్లీ చదివించుకుంది. రాణిస్తారు అన్న మాట దగ్గర ఆపి, అది ఇంకోసారి అంది. ఎర్ర సిరాతో ఊహ లేదు అని రాసిన ఇన్నాళ్లకి, ఎక్కడో ఎవరో, ముఖం కూడా తెలియనివాళ్లు, నువ్వు సరిగ్గానే ఉన్నావమ్మాయ్ అని రాసి పంపినట్టనిపించింది. ఆ రాత్రి ఆయనకి కూడా చదివి వినిపించింది. ఆయన తన పరీక్ష కూడా పెట్టమని సరదాపడి, సగంలో ప్రశ్నలు బాగాలేవని తనే కొత్త ప్రశ్నలు రాయడం మొదలెట్టాడు.

మరి కొత్త మేనేజరు చెడ్డవాడా అంటే కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే లోపల్లోపల నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు. వచ్చి రెండు నెలలైంది, ఒక్కరి మీదా గొంతు లేపలేదు, నీళ్ల కుళాయి బాగుచేయించాడు, పాలిషు గదిలోకి గాలి వచ్చేలా గోడకి కంత పెట్టించాడు. ముప్పై రెండు ముప్పై మూడేళ్లుంటాయి. మొదటిరోజు అందరినీ నిలబెట్టి, ఒకే పని చేస్తూ కూర్చుంటే మనిషి తుప్పు పట్టిపోతాడని చెప్పాడు. అది విని కప్పలక్క పక్కకి తిరిగి పిన్నితో మెల్లగా, రోజూ తిప్పే తాళం తుప్పెందుకు పడుతుంది పిన్నీ, తిప్పకుండా వదిలేస్తే కదా పట్టేది అంది. పిన్ని పకపకా నవ్వింది, మేనేజరు తన మాటలకే నవ్విందనుకుని ఇంకా హుషారుగా మాట్లాడాడు. ఆ మాట అప్పుడే పైకి అంటే ఈ కాగితం వచ్చేది కాదేమో. అనలేదు. అనే మనిషే అయితే టీచరుతో పిచ్చుకల గురించి కూడా అనేది. బెల్టు కింద ఇప్పుడు మూడు కాళ్లే కనిపిస్తున్నాయి, నాలుగోది ఎటుపోయిందో. ఫ్యాను తిరుగుతోంది. గోడ గడియారం పదకొండుకి రెండు నిమిషాలుంది. ఇంతసేపు ఏం చేశాను అనుకుంటుండగానే పక్కన చెప్పుల చప్పుడు ఆగింది, ఒక చెయ్యి ఒడిలోంచి కాగితం మర్యాదగా అందుకుంది.

మేనేజరు కాగితం చూశాడు. కనుబొమలు పైకి వెళ్లాయి. తర్వాత ముఖమంతా వెలిగిపోయింది. నూట నలభై మందిలో ఇంత ధైర్యం ఒక్కరికీ లేదని, కుర్చీ వదలనని మొండికేస్తారని తను భయపడ్డ మనిషే అందరికీ దారి చూపించిందని, షెడ్డు మొత్తానికీ వినపడేలా చెప్పి, కాగితాన్ని కట్ట మీద అన్నిటికన్నా పైన పెట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్తున్న ఆ కాగితాన్ని అప్పుడు చూసింది కప్పలక్క. వరసగా నీలం రైట్లు, ఒకే కొలతలో, ఒకే వాలులో, పోతకి, డ్రిల్లుకి, స్ప్రింగులకి, రంగుకి, లోడింగుకి, క్యాంటీనుకి, పదకొండు రైట్లు. ఒకే ఒక్క ఎర్ర ఇంటూ. అది ఎక్కడుందో చూసింది. చివరి పరీక్షకి.

లోడింగేమిటే, మూటలు మోస్తావా అంది పిన్ని. నేను పెట్టలేదు పిన్నీ అంది కప్పలక్క, అంటుండగానే తెలిసింది, పెట్టింది తనే. తల పక్షుల దగ్గరా దుప్పటి మడతల దగ్గరా తిరుగుతుంటే, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఎదురుగా కాగితం, దాని మీద వరసగా పన్నెండు గడులు, వేళ్ల మధ్య పెన్సిలు. పరీక్షకి వచ్చాయి కాబట్టి పరీక్షించింది. నాలుగు గీతలూ తిన్నగా ఉన్నాయి, మూలలు కలిశాయి, రైటు. తర్వాతిది, రైటు. పదకొండో గడికి మాత్రం కింద కుడి మూల అచ్చులో తెగిపోయి ఉంది, వెంట్రుకంత సందు, ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. ఇంటూ. తన చేత్తో తన స్టూలునే ఎర్ర గంపలో పడేసుకుంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ముందు నవ్వే గెలిచింది, పిన్ని భుజం మీద తల పెట్టి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది, నవ్వు ఆగిన చోట సోమవారం కనబడింది. సోమవారం పొద్దున ఈ ఫ్యాను కింద రంగు విభాగంవాడు కూర్చుని ఉంటాడు, ట్టక్ అన్న తాళానికి రైటు పెడుతుంటాడు, అది ఎవరి ఇంటి తలుపుకో వెళ్తుంది. లేచింది. పని వేళల్లో ఆ వైపు ఎప్పుడూ నడవలేదు, షెడ్డు ఇంత పొడవని ఇప్పుడే తెలిసింది, దారిలో ఇద్దరు భేష్ కప్పలక్కా అని మెచ్చుకున్నారు కూడా. షెడ్డు చివర నాలుగు మెట్ల ఎత్తున అద్దాల గది. తలుపు తట్టాలా నెట్టాలా అని ఒక్క క్షణం ఆలోచించి, రెండూ చేసింది.

సార్, ఆ కాగితం తప్పు అంది. తప్పేంటక్కా అన్నాడు మేనేజరు కుర్చీ చూపిస్తూ. ఆమె కూర్చోలేదు. మొత్తం చెప్పింది, చెయ్యి సంగతి, గడుల సంగతి, తెగిన మూల సంగతి. ఇంత సేపు ఎవరితోనూ ఏకబిగిన మాట్లాడి ఎరగదు, అయినా ఆగలేదు. ఆయన నమ్మలేక కాగితాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు, కిటికీ వైపు తిప్పి చూశాడు, అప్పటికి గానీ ఆ సందు కనబడలేదు. ఈ కాగితం నేనే తయారుచేశాను, నాలుగుసార్లు దిద్దాను అన్నాడు నెమ్మదిగా. తర్వాత కాగితం బల్ల మీద పెట్టి, తనెందుకు ఇదంతా చేస్తున్నాడో చెప్పాడు. వాళ్ల నాన్న ముప్పై ఏళ్లు ఒకే కౌంటరు వెనక కూర్చుని టికెట్లు చింపాడట, సాయంత్రం ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడట, ఒక్కరోజు కూడా నవ్వుతూ రావడం తను చూడలేదట. ఇక్కడ ఎవరూ అలా ఇంటికి వెళ్లకూడదన్నదే తన కోరికట. కప్పలక్కకి ఆయన మీద జాలి వేసింది, గోడవైపు తిరిగి పడుకున్న ఆ పెద్దాయన మీద ఇంకా ఎక్కువ వేసింది. అబద్ధం చెప్పి ఓదార్చడం మాత్రం చేతకాలేదు.

"మీ నాన్నగారికి ఆ పని నచ్చలేదేమో సార్. నాకు ఇది నచ్చింది. నేను రోజూ నవ్వుతూనే ఇంటికెళ్తాను, కావాలంటే మా ఆయన్ని అడగండి."

మేనేజరు కాగితాన్ని ఆమె వైపు జరిపి, అయితే ఆ ఇంటూ కొట్టేసి రైటు పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది అన్నాడు. ఆమె పెన్సిలు తీసింది, నీలం వైపు తిప్పింది, గడి దగ్గర దాకా తీసుకెళ్లింది. చెయ్యి రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు.

"పెట్టలేను సార్. మూల తెగే ఉంది కదా."

అది మీ సీటు అక్కా అన్నాడాయన. తెలుసు సార్ అంది. ఇంటూ పడ్డది రిపేరు బల్లకి వెళ్లి బాగై రావాలి, అప్పుడు గానీ రైటు పడదు, ఊరికే దిద్దేస్తే పదహారేళ్లు పెట్టిన రైట్లకి విలువేముంది అని చెప్పింది. ఆయన ఆమె వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, జేబులోంచి పెన్ను తీసి, బల్ల మీదకి వంగి, ఊపిరి బిగబట్టి, తెగిన మూలని కలిపాడు. కలిపి కాగితాన్ని ఆమె ముందుకి తోశాడు. ఆమె వంగి చూసింది, తల అడ్డంగా ఊపింది. పై గీతకి ఇంకా అతకలేదు సార్ అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇంకా దగ్గరగా వంగి, ఈసారి అతికించాడు. ఆమె వేలితో తడిమి, పక్క నుంచి చూసి, ఇంటూ పక్కనే నీలం రైటు పెట్టింది. ఆయన పైన ఖాళీ జాగాలో, ఈమె విభాగాలను ఎంచుకోలేదు, గడులను పరీక్షించింది, ఈమెను చివరి పరీక్ష నుంచి మార్చవద్దు, అని రాసి సంతకం చేశాడు. సోమవారం కూడా మీరు అక్కడే, ఆ తర్వాత సోమవారం కూడా అన్నాడు. మారాలని ఉన్నవాళ్లనే మారుస్తాను, అది అడగడానికి ఇంకో గడి ఉండాల్సింది అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆమెకి థాంక్స్ చెప్పాలని ఉంది, నోటికి మాత్రం ఇంకోటి వచ్చింది.

"మిగతా కాగితాలు కూడా చూసుకోండి సార్. అన్నీ ఒక్క అచ్చే కదా."

మెట్లు దిగుతుండగానే మోటారు మొదలైంది, షెడ్డంతా మళ్లీ హోరు, ఎవరి తుమ్ము ఎవరికీ వినపడదిక. స్టూలు మీద కూర్చుని పిన్నికి రెండు ముక్కల్లో చెప్పింది, పిన్ని సంతోషంతో వీపు మీద ఒక్కటి చరిచింది, మూరెడు దూరంలో గంటసేపు ఎదురుచూసిన కప్ప దానంతటదే వచ్చి చేతికి తగిలింది. పెట్టు, తిప్పు, లాగు, నొక్కు, టక్, రైటు. ముప్పయ్యో నలభయ్యో అయ్యాక తల ఎత్తి షెడ్డు చివరికి చూసింది. అద్దాల గదిలో మేనేజరు బల్ల మీదకి వంగి ఉన్నాడు, ఎడమ పక్కన ఒక కట్ట, కుడి పక్కన ఒక కట్ట, ఎడమ నుంచి ఒక కాగితం తీస్తున్నాడు, పెన్నుతో ఒక మూల కలుపుతున్నాడు, కుడివైపు పెడుతున్నాడు, ఇంకోటి తీస్తున్నాడు. ఆమె చూసుకోమంది గానీ ఒక్కోటీ కలపమని ఎవరూ అనలేదు, చేయకపోతే కొంపలేం మునగవు. ఆయన పెదాలు మెల్లగా కదులుతున్నాయి, ఏదో కూనిరాగం తీస్తున్నట్టున్నాడు.